ఆరుద్ర చుక్క ఎందుకు మసకబారింది?

ఆరుద్ర పురుగును చూడనివాళ్ళు మన హాస్టల్లో ఎవరూ ఉండరు. తొలకరి వాన పడినాక ఎర్రనేలల్లో, చేను గట్ల మీద, ఎర్ర మఖమల్ గుడ్డ పేలిక మాదిరి మెల్లగా నడిచిపోయే పురుగు అది. ఆరుద్ర కార్తెలో కనపడుతుంది కాబట్టి దానికా పేరు. కార్తె అనగా సూర్యుడు ఒక నక్షత్రం దగ్గర గడిపే పదమూడు, పద్నాలుగు రోజుల కాలం. ఆరుద్ర కార్తె జూన్ 22 ప్రాంతంలో వచ్చి జూలై మొదటి వారంలో పోతుంది. పులివెందుల పక్క గానీ, జమ్మలమడుగు పక్క గానీ శెనక్కాయ విత్తే రైతును అడిగితే ఏ కార్తె ఎప్పుడో నోటిలెక్కగా చెప్పేస్తాడు. అయితే ఆ కార్తెకు పేరిచ్చిన చుక్క యాడుంది అని అడిగితే చూపించేవాళ్ళు తక్కువ. ఈ వ్యాసం ఆ చుక్కను గురించి.

తమాషా ఏమంటే ఆరుద్ర కార్తెలో ఆరుద్ర చుక్క కనపడదు. సూర్యుడు దాని పక్కనే ఉంటాడు కాబట్టి అది పగలు పొడిచి పగలే కుంకుతుంది. దాన్ని చూడాలంటే చలికాలం రావాలి. డిసెంబరు నెలాఖరులో పొద్దు గూకినాక తూర్పున పైకి వస్తుంది. ఫిబ్రవరి రెండో వారంలో రాత్రి తొమ్మిదింటికి మనకు దాదాపు నడినెత్తిన ఉంటుంది. గుర్తు పట్టడం కష్టం కాదు. వరసగా, సమాన దూరంలో మూడు చుక్కలు ఉంటాయి చూడండి, వాటిని కొందరు గొల్లకావడి అంటారు. ఆ మూడింటికి ఉత్తరం పక్క ఎర్రగా ఒక పెద్ద చుక్క, దక్షిణం పక్క తెల్లగా ఇంకొక పెద్ద చుక్క ఉంటాయి. తెల్లదాని పేరు రిగెల్. ఎర్రదే మన ఆరుద్ర. సంస్కృతంలో ఆర్ద్ర, ఇంగ్లీషు పుస్తకాల్లో బెటెల్‌జూస్. ప్రొద్దుటూరు అంగళ్ళ లైట్ల మధ్య నిలబడినా కనపడేంత పెద్ద చుక్క అది.

అలాంటి చుక్క 2019 చివర్లో మసకబారడం మొదలుపెట్టింది. అమెరికాలో ఎడ్వర్డ్ గినాన్, రిచర్డ్ వాసటోనిక్ అనేవాళ్ళు పాతికేళ్ళుగా దాని వెలుగును కొలుస్తూ వచ్చినారు. డిసెంబరులో వాళ్ళు మిగతా శాస్త్రజ్ఞులకు కబురు పంపినారు, తాము కొలిచినన్ని ఏళ్ళలో ఇది ఇంత తగ్గింది ఎప్పుడూ లేదని. అంతటితో ఆగలేదు. 2020 ఫిబ్రవరిలో మామూలు వెలుగులో దాదాపు మూడో వంతుకు పడిపోయింది. టెలిస్కోపు అక్కరలేదు, ఉత్త కంటికే తేడా తెలిసింది. అప్పుడు పత్రికలు, టీవీలు అందుకున్నాయి. చుక్క పేలిపోతుంది, ఆకాశంలో రెండో చంద్రుడు వస్తాడు అన్నాయి. పేలుతుంది అనే మాటకు ఉన్న గిరాకీ, ఎందుకు తగ్గింది అనే ప్రశ్నకు ఎప్పుడూ ఉండదు. ఏప్రిల్ వచ్చేసరికి చుక్క మళ్ళీ మామూలుగా వెలిగింది. పేలలేదు.

మరి ఏమైనట్టు? ముందు ఆ చుక్క ఎలాంటిదో తెలుసుకోవాలి.

ఇది అరుణ మహాతార. బరువులో సూర్యుడికి సుమారు 15 నుంచి 20 రెట్లు. లావులో అయితే 700 రెట్లకు పైమాటే. మన సూర్యుణ్ణి తీసేసి ఆ చోట ఆరుద్రను పెడితే బుధుడు, శుక్రుడు, మనం, కుజుడు అందరం దాని కడుపులోనే ఉంటాం. అంత లావు ఎట్ల తెలిసిందంటే, 1920 డిసెంబరులో మైకెల్సన్, పీజ్ అనే ఇద్దరు అమెరికాలోని మౌంట్ విల్సన్ కొండ మీద దీని వెడల్పు కొలిచినారు. సూర్యుణ్ణి పక్కన పెడితే, మనిషి వెడల్పు కొలిచిన మొట్టమొదటి నక్షత్రం మన ఆరుద్రే. ఎరుపు ఎందుకంటే వేడి తక్కువ. కమ్మరి కొలిమిలో ఇనుము ముందు ఎర్రబడి, ఇంకా కాలితే పసుపు, తెలుపు అవుతుంది కదా. సూర్యుడి పైభాగం సుమారు 5500 డిగ్రీలు అయితే ఆరుద్రది 3300 డిగ్రీల దరిదాపు. వేడి తక్కువైనా ఒళ్ళు పెద్దది కాబట్టి వెలుగు ఎక్కువ.

ఇంత ఉబ్బిన చుక్క నిలకడగా ఉండదు. మూడు కారణాల వల్ల దాని వెలుగు మారుతుంది.

మొదటిది, అది ఊపిరి పీల్చి వదిలినట్టు ఉబ్బుతూ కుంచించుకుంటూ ఉంటుంది. కూడు ఉడికే గిన్నె మీద మూత పెట్టినప్పుడు గమనించండి. ఆవిరి లోపల పోగై, పోగై మూతను లేపుతుంది. సందులోంచి ఆవిరి పోగానే మూత టక్కున కింద పడుతుంది. మళ్ళీ ఆవిరి పోగవుతుంది. ఆరుద్రలో మూత పని చేసేది హైడ్రోజను పొర. అది నొక్కుకున్నప్పుడు లోపలి వేడిని బయటికి పోనీయదు. వేడి ఒత్తిడై పొరను పైకి నెడుతుంది. పొర పలచబడి వేడి బయటికి పోతుంది, పొర మళ్ళీ కిందికి దిగుతుంది. ఈ ఒక్క ఊపిరికి సుమారు 400 రోజులు పడుతుంది. అయితే అది గడియారం మాదిరి కచ్చితంగా నడవదు. ఒకసారి ముందు, ఒకసారి వెనక. అందుకే ఇట్లాంటి వాటిని సగం క్రమం గల చుక్కలు అంటారు. దీని మీద సుమారు ఆరేళ్ళకు ఒకసారి వచ్చే ఇంకొక పెద్ద అల కూడా ఉంది. దానికి కారణం ఆరుద్రను చుట్టి తిరిగే చిన్న తోడు చుక్క అని 2024లో కొందరు శాస్త్రజ్ఞులు లెక్క కట్టినారు. ఆ ఏడు డిసెంబరులో హవాయి దీవిలోని జెమిని టెలిస్కోపుతో స్టీవ్ హోవెల్ బృందం చూసి, దాని జాడ దొరికినట్టుందని 2025 జూలైలో ప్రకటించింది. పక్కాగా తేల్చడానికి 2027 నవంబరులో మళ్ళీ మంచి అవకాశం వస్తుందంటున్నారు.

రెండోది, అది ఉడుకుతూ ఉంటుంది. సూర్యుడి ఉపరితలం కూడా ఉడుకుతుంది గానీ సన్నగా, ఎసరు కాగినట్టు. ఒక్కొక్క బుడగ వెయ్యి కిలోమీటర్లు ఉంటుంది, అవి లక్షల్లో ఉంటాయి కాబట్టి మొత్తం వెలుగులో తేడా రాదు. ఆరుద్ర అట్ల కాదు. సంగటి కుండ గుర్తు తెచ్చుకోండి. పిండి పోసినాక గెలకకముందు చిక్కగా ఉడుకుతూ, యాడో ఒకచోట పెద్ద బుడగ లేచి బుడుక్కుమని పగులుతుంది. కుండంతటికీ నాలుగైదు బుడగలే. ఆరుద్ర మీద కూడా బుడగలు కొన్నే, ఒక్కొక్కటీ చుక్కలో పెద్ద భాగాన్ని ఆక్రమించేంతటివి. వేడి బుడగ మనవైపు లేస్తే వెలుగు పెరుగుతుంది, చల్లారిన భాగం మనవైపు ఉంటే తగ్గుతుంది.

మూడోది దుమ్ము. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు పక్క నాపరాళ్ళ పాలిష్ మిల్లుల దగ్గర నిలబడి చూసినవాళ్ళకు చెప్పనక్కరలేదు, లేచిన దుమ్ములోంచి సూర్యుడు ఎట్ల కనపడతాడో. ఆరుద్ర తన ఒంటి నుంచి వాయువును బయటికి ఊదుతుంది. అది దూరం పోయి చల్లారితే సన్నటి ధూళి అవుతుంది. ఆ ధూళిలో ఉండేది కూడా రాతిలో ఉండే సిలికా జాతి పదార్థమే.

ఇప్పుడు 2019 సంగతి. చిలీ దేశంలోని పెద్ద టెలిస్కోపుతో తీసిన రెండు ఫోటోలు ఉన్నాయి. 2019 జనవరి ఫోటోలో చుక్క గుండ్రంగా, అంతటా వెలుగుతో ఉంది. డిసెంబరు ఫోటోలో దక్షిణం సగం నల్లబడి ఉంది. అంటే చుక్క మొత్తం ఆరిపోలేదు, ఒక పక్క మాత్రమే మసక. మోంతార్జెస్ అనే శాస్త్రజ్ఞుడి బృందం 2021లో దీనికి అర్థం చెప్పింది. ముందు చుక్క ఒక పెద్ద వాయువు ముద్దను కక్కింది. తర్వాత ఆ పక్క ఉపరితలం చల్లబడింది. ఆ చల్లదనానికి ముద్దలోని వాయువు ధూళిగా మారి మనకూ చుక్కకూ మధ్య తెర కట్టింది. ఆండ్రియా డుప్రీ అనే శాస్త్రజ్ఞురాలు హబుల్ టెలిస్కోపుతో ఆ వాయువు బయటికి వచ్చే దారిని కూడా చూసింది. కక్కిన ముద్ద బరువు మన చంద్రుడికి కొన్ని రెట్లు ఉంటుందట. దాని తర్వాత ఆ 400 రోజుల ఊపిరి కూడా కొన్నాళ్ళు లయ తప్పింది.

దీనికి సాక్ష్యం చెప్పిన వాళ్ళలో ఒకటి నాకు మహా ఇష్టం. జపాన్ వాళ్ళ వాన కబుర్లు చెప్పే ఉపగ్రహం, పేరు హిమావరి-8. దాని పని మబ్బుల ఫోటోలు తీయడం. పది నిముషాలకు ఒకసారి భూమిని తీస్తుంటే, భూమి అంచు పక్కన ఆకాశం కూడా పడుతుంది, ఆ ఆకాశంలో అప్పుడప్పుడు ఆరుద్ర కూడా పడింది. ఎవరూ దాన్ని ఉద్దేశించి తీయలేదు. తానిగుచి అనే యువకుడూ అతని తోటివారూ 2017 నుంచి 2021 దాకా ఉన్న ఆ పాత ఫోటోలు వెదికి, చుక్క సుమారు 140 డిగ్రీలు చల్లబడిందనీ, ధూళి కూడా అడ్డం వచ్చిందనీ, రెండింటి వాటా దాదాపు సమానమనీ 2022లో తేల్చినారు. మబ్బుల కోసం పంపినది చుక్కకు సాక్షి అయింది!

ఇక భయం సంగతి. ఆరుద్ర ఒకనాటికి పేలిపోవడం నిజమే. అంత బరువు గల చుక్కలన్నిటి కథ అంతే. అయితే ఎప్పుడు? లక్ష ఏళ్ళ లోపల అంటారు. రేపు కావచ్చు, తొంభై వేల ఏళ్ళ తర్వాత కావచ్చు. పేలితే కొన్ని వారాలు సగం చంద్రుడంత వెలుగుతో పగలు కూడా కనపడుతుంది. మనకు హాని లేదు. ఇట్లాంటి పేలుడు సుమారు 50 కాంతి సంవత్సరాల లోపల జరిగితేనే ప్రమాదం. ఆరుద్ర 500 నుంచి 700 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ఇంకొక మాట, ఈ రాత్రి మన కంటికి చేరే దాని వెలుగు తాళ్ళపాక అన్నమయ్య బతికిన కాలానికి కొంచెం అటూ ఇటూ బయలుదేరినది. 2020లో మనం చూసిన మసక కూడా అప్పటిదే. కాబట్టి చుక్క మసకబారింది, అరిష్టం అని ఎవరైనా అంటే, ఆ అరిష్టం ఎప్పుడో విజయనగర రాజుల నాడే అయిపోయిందని చెప్పండి.

ఆరుద్ర వెలుగు మారుతుందని మొదట కనిపెట్టింది ఎవరు? పుస్తకాల్లో జాన్ హెర్షెల్ అని ఉంటుంది. ఆయన 1836లో గమనించి 1840లో ప్రచురించినాడు. నేను ఆయన్ని తక్కువ చేయడంలేదు. కానీ దక్షిణ ఆస్ట్రేలియా ఎడారిలో కొకాథా అనే ఆదివాసీలు ఉన్నారు. వాళ్ళ కథ ఒకటి ఉంది. న్యీరున అనే వేటగాడు, అనగా గొల్లకావడి ఉన్న ఈ చుక్కల గుంపే, యుగరిల్య అనే అక్కచెల్లెళ్ళ వెంట పడతాడు. ఆ అక్కచెల్లెళ్ళు మనం పిల్లలకోడి అని పిలిచే కృత్తికలు. పెద్దక్క కంబుగూద మధ్యలో అడ్డం నిలబడుతుంది. వేటగాడి కుడి చేతిలో మంత్రపు మంట రగులుతుంది. ఆ కుడి చేయి ఆరుద్ర. పెద్దక్క తన ఎడమ కాలిలో మంట నింపుకుని వాణ్ణి ఎదిరిస్తుంది. ఆ కాలు మన రోహిణి. వాడికి సిగ్గయి చేతి మంట ఆరిపోతుంది. కొంతకాలానికి మళ్ళీ రగులుతుంది. మళ్ళీ ఆరుతుంది.

చూసినారా? చేతిలో మంట రగలడం, ఆరడం, మళ్ళీ రగలడం. ఈ కథను డైసీ బేట్స్ అనే ఆమె ఇరవయ్యో శతాబ్దం మొదటి భాగంలో ఊల్డియా అనే చోట ఉండి రాసుకుంది. 2014లో లీమన్, హమాకర్ అనే ఇద్దరు దాన్ని మళ్ళీ చదివి, ఇది ఆరుద్ర వెలుగు మారడాన్ని గమనించి చెప్పిన కథే అని వ్యాసం రాసినారు. అంతకుముందు చాలామంది దాన్ని గమనింపుగా లెక్కలోకి తీసుకోలేదు. కథ అనుకున్నారు. గోండులు కూడా ఈ గొల్లకావడి చుక్కల్నే నాగలిగా చూస్తారు. మన యానాది, ఎరుకల, సుగాలి ఇళ్ళలో పెద్దవాళ్ళు చుక్కను చూసి తెల్లారే పొద్దు చెప్పేవాళ్ళు. ఆ చుక్కకు వాళ్ళు ఏ పేరు పెట్టుకున్నారో అడగకపోతే వాళ్ళతోనే పోతుంది. సెలవులకు ఇంటికి పోయేవాళ్ళు అవ్వనో తాతనో అడిగి రాసుకొని రండి. తప్పో ఒప్పో తర్వాత చూద్దాం, ముందు పేరు కావాలి.

చుక్కల వెలుగు కొలవడానికి పెద్ద చదువు ఉండాలని లేదు. బెంగాలులోని జెస్సోర్‌లో, ఇప్పుడది బంగ్లాదేశ్‌లో ఉంది, రాధాగోవింద చంద్ర అనే చిన్న ట్రెజరీ ఉద్యోగి ఉండేవాడు. ఎంట్రెన్సు పరీక్ష మూడుసార్లు రాసినా పాస్ కాలేదు. ఉద్యోగం చేసుకుంటూ రాత్రిపూట వెలుగు మారే చుక్కల్ని చూసి, వేలకొద్దీ కొలతలు అమెరికాలోని చుక్కలు గమనించేవాళ్ళ సంఘానికి పంపినాడు. వాళ్ళు సంతోషించి ఆయనకు ఆరంగుళాల టెలిస్కోపు పంపినారు. ఆయన పెద్దవాడై చూడలేని నాటికి అది వేణు బప్పు చేతికి వచ్చి, చివరికి కావలూరు చేరింది. ఈ వేణు బప్పు తండ్రి హైదరాబాదు నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసినాడు. కొడుకు అక్కడ చదువుకునే రోజుల్లోనే మారే చుక్కల మీద వ్యాసాలు రాసినాడు. ఆయన పేరు మీద ఉన్న కావలూరు అబ్జర్వేటరీ తమిళనాడు జవ్వాది కొండల్లో ఉంది, ఆ కొండలు కూడా గిరిజనులుండే కొండలే. ఇంకా ముందుకు పోతే, మన కడప జిల్లా మద్రాసు రాజధానిలో ఉన్న రోజుల్లో, 1867లో మద్రాసు అబ్జర్వేటరీలో చింతామణి రఘునాథాచారి అనే సహాయకుడు వెలుగు మారే ఎర్ర చుక్కనొకదాన్ని కొత్తగా కనిపెట్టినాడు. అది మహాతార కాదు, అంతకన్నా చిన్నది, ఆరుద్రకు తమ్ముడి వరస.

ఇప్పుడు మనం కొలిచే పద్ధతి. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళలో ఆచారులు ఏం చేస్తారు? తెచ్చిన నగను గీటురాయి మీద గీసి, పక్కన నాణ్యం తెలిసిన బంగారంతో ఇంకొక గీటు గీసి, రెండూ పోల్చి చూస్తారు. మనమూ అదే చేయాలి. వెలుగు తెలిసిన చుక్కలు గీటుకు సిద్ధంగా ఉన్నాయి. చుక్కల వెలుగుకు ఒక అంకె ఇస్తారు. క్లాసులో ర్యాంకు మాదిరి, అంకె చిన్నదైతే వెలుగు ఎక్కువ. ఒక్క అంకె తేడాకు వెలుగులో రెండున్నర రెట్లు తేడా. రిగెల్ 0.1, ప్రోసియన్ 0.3, రోహిణి 0.9, పునర్వసు జంటలో పెద్దదైన పోలక్స్ 1.1, ఆరుద్రకు పడమటి పక్కన ఉండే బెలాట్రిక్స్ 1.6. ఆరుద్ర ప్రోసియన్‌కు, రోహిణికి నడిమధ్య ఉన్నట్టు తోస్తే 0.6 అని రాసుకోవాలి. అది మామూలు రోజుల లెక్క. 2020 ఫిబ్రవరిలో అది బెలాట్రిక్స్‌తో సమానంగా 1.6కు దిగింది. 2023 ఏప్రిల్‌లో తద్విరుద్ధంగా 0.0 దాకా ఎక్కింది.

జాగ్రత్తలు రెండే. ఆకాశంలో కిందుగా ఉన్న చుక్క గాలి మందం వల్ల మసకగా కనపడుతుంది కాబట్టి ఒకే ఎత్తులో ఉన్నవాటినే పోల్చాలి. రెండు, ఎర్ర చుక్కను గుడ్లప్పగించి చూస్తూ ఉంటే అది ఉన్నదానికన్నా ఎక్కువ వెలుగుగా తోస్తుంది. ఒక్క చూపు చూసి, పక్కదాన్ని ఒక్క చూపు చూసి, చప్పున అంకె రాయాలి. పక్కవాడు ఏం రాసినాడో చూడకూడదు, పరీక్షలో మాదిరే.

ఎండాకాలంలో ఆరుద్ర పడమట దిగిపోయేటప్పుడు తూర్పున ఇంకొక అరుణ మహాతార పైకి వస్తుంది. అది వృశ్చికంలోని జ్యేష్ఠ. దాని వెలుగు కూడా మారుతుంది. కాబట్టి ఏడాది పొడుగునా మనకు పని ఉంటుంది.

వార్డెను సారు గారికి ఒక విన్నపం. డిసెంబరు నుంచి మార్చి దాకా వారానికి ఒక రాత్రి, స్టడీ అవరు అయినాక పది నిముషాలు ముందు వరండా లైట్లు ఆర్పి, మమ్మల్ని మిద్దె మీదికి పంపండి. ఒక వాచరు తోడుంటే చాలు. నోటుబుక్కులో నాలుగు గడులు గీసి పెట్టినాము. తేదీ, టైము, ఆరుద్ర అంకె, ఏ చుక్కతో పోల్చినాము. చంద్రుడు దగ్గరగా ఉన్న రోజు, మబ్బు రోజు ఆ గడిలో గీత పెడతాము. నోటుబుక్కు సైన్సు రూములో అద్దాల బీరువా పక్కన మేకుకు వేలాడుతుంటుంది. పెన్సిలు దానికే కట్టి ఉంది, ఎవరూ తీసుకుపోవద్దు.